ఎస్‌ఆర్‌ఎన్ (ఫారం అప్‌లోడ్ చేస్తే వచ్చే రిఫరెన్స్) నంబరు పంపగానే కంపెనీ ఫైలింగ్ అయిపోయిందనుకోకండి, నాకు 84,800 లేట్ ఫీజు పడింది

ఇంకా కోపం తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. విజయవాడలో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నడిపే చాలామందికి ఈ కన్సల్టెంట్ తెలుసు. ప్రతి మాటకీ ముందు "మీరు టెన్షన్ పడకండి సార్" అంటాడే, ఆయనే. పేరు రాస్తే లాయర్ నోటీసు పంపుతానని ఇవాళే అన్నాడు, అందుకే రాయడం లేదు.

మాది గానుగ నూనె ప్యాకింగ్. నేనూ మా బావమరిదీ డైరెక్టర్లం, క్యాపిటల్ లక్ష. ఆడిట్ చేయించడం, ఇన్‌కమ్ టాక్స్, ఆర్‌ఓసీకి (కంపెనీల రిజిస్ట్రార్‌కి) ఏటా వేసే ఫారాలు అన్నీ ఈయనకే అప్పగించాం. ఏడాదికి 18 వేలు.

2025 డిసెంబర్లో ఫోన్ చేసి, "ఈసారి రూల్సు మారాయి సార్, బోర్డు కనపడేలా ఆఫీసు బయటి ఫొటో కావాలి" అన్నాడు. అది నిజమే. 2025 జులై 14 నుంచి ఏఓసీ-4 (లెక్కల ఫారం), ఎంజీటీ-7ఏ (ఏడాది రిటర్న్) ఎంసీఏ, అంటే కంపెనీ వ్యవహారాల శాఖ, కొత్త వీ3 పోర్టల్‌లో వేయాలి, ఫొటో కూడా అడుగుతున్నారు. కానీ దానికి "వీ3 చార్జీలు" అని ఇంకో 3 వేలు తీసుకున్నాడు చూడండి, అలాంటి చార్జీ ప్రభుత్వం ఏదీ పెట్టలేదు. నేను బుద్ధిగా ఫోన్‌పే కొట్టి, నూనె డబ్బాల వెనక పడున్న బోర్డు తీసి, జిడ్డు తుడిచి, గుమ్మం పైన మేకులు కొట్టి మరీ ఫొటో పంపా.

మొన్న శుక్రవారం ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) రెన్యువల్‌కి బ్యాంకుకి వెళ్తే మేనేజర్ గారు స్క్రీన్ నావైపు తిప్పారు. ఎంసీఏ సైట్లో మా కంపెనీ మాస్టర్ డేటా. చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ 31-03-2023. "2024ది వేయలేదా అండీ?" అన్నారు. వేశామని గట్టిగా చెప్పి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వెతికి చూపించా. 2024 అక్టోబర్లో పంపాడు, ఎస్‌ఆర్‌ఎన్ నంబరు, దాని కింద దణ్ణం బొమ్మ. నేను "థాంక్యూ అండీ" అని కూడా పెట్టా! కింది సగం కత్తిరించి పంపాడని ఆ రోజు చూసుకోలేదు. ఫారం అప్‌లోడ్ చేసి "పే లేటర్" నొక్కినా ఎస్‌ఆర్‌ఎన్ వస్తుందట. డబ్బు కట్టకపోతే అది చిత్తుకాగితం. మా క్యాపిటల్‌కి కట్టాల్సింది ఫారానికి 300. అదీ కట్టలేదు. రెండో ఫారం ఎంజీటీ-7ఏ అయితే అసలు ముట్టుకోనే లేదు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ మాత్రం టైముకి వేశాడు, అందుకే అన్నీ అయిపోయాయనుకున్నా.

ఫోన్ చేస్తే, "జనవరి 31 దాకా గడువు పెంచారు సార్, లేట్ ఫీజు పడదు" అన్నాడు. నమ్మి ఆ రాత్రి హాయిగా పడుకున్నా. ఆదివారం సీఏ చదువుతున్న మా అక్క కూతురు సర్క్యులర్ తెరిచి, "మావయ్యా, ఇది 2024-25 లెక్కలకే. నీది అంతకుముందు ఏడాదిది" అంది. 2018 జులై నుంచి ఒక్కో ఫారానికి రోజుకి 100, పైన పరిమితి లేదు. ఏఓసీ-4 గడువు 2024 అక్టోబర్ 30, రెండోది నవంబర్ 29. ఇవాళ, 2026 జనవరి 12 వరకు లెక్కేస్తే 43,900, 40,900. తను క్యాలెండర్ మీద వేలు పెట్టి రోజులు లెక్కపెడుతుంటే నాకు చెమటలు పట్టాయి.

ఇవాళ పొద్దున్నే వాళ్ళ ఆఫీసుకి వెళ్ళా. అరుస్తాడనో, తప్పయిందంటాడనో అనుకున్నా. రెండూ కాదు. టీలో బిస్కెట్ ముంచుకుంటూ, నా మొహం కూడా చూడకుండా, "మీరు ఎప్పుడైనా చలానా అడిగారా సార్? అడిగుంటే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు. అంతే! 84 వేలకి ఆయన సంజాయిషీ అది. పక్క టేబుల్ అమ్మాయి తల దించేసుకుంది, ఆమెకైనా కాస్త సిగ్గనిపించింది. సగమైనా మీరు పెట్టుకోండి అంటే, "ఫైలింగ్ బాధ్యత డైరెక్టర్లదే సార్, చట్టమే అలా ఉంది" అని నాకే క్లాసు. ఆ మాట మాత్రం నిజం, అదే ఎక్కువ మండించింది.

మా డిజిటల్ సంతకాల టోకెన్లు ఇచ్చేయమన్నా. సొరుగులోంచి పాత స్వీట్ల డబ్బా తీశాడు. అందులో నలభై, యాభై టోకెన్లు, పెన్‌డ్రైవ్‌ల్లా ఉంటాయే, ఒక్కోదానికి స్టిక్కర్, స్టిక్కర్ మీద పేరు, పక్కన పిన్. నాది కూడా. ఆ పిన్ రాసింది నా చేత్తోనే! మా ఆవిడకి ఏటీఎం పిన్ చెప్పడానికి పదిసార్లు ఆలోచించే మనిషిని, కంపెనీ సంతకం మాత్రం దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఇచ్చొచ్చా. చదువుకున్న గాడిద అంటే ఎవరో అనుకునేవాణ్ణి.

ఆ, చెప్పడం మర్చిపోయా. ఎంసీఏ సైట్లో మాస్టర్ డేటా ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. మీ కంపెనీ పేరు కొట్టి చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ చూసుకోండి. స్క్రీన్‌షాట్ వద్దు, డబ్బు కట్టిన చలానా పీడీఎఫ్ అడగండి. ఏళ్ళు పెరిగితే ఫీజుతో ఆగదు, వరుసగా మూడేళ్ళు వేయకపోతే ఐదేళ్ళు డైరెక్టర్‌గా పనికిరారు. 2024-25ది లేట్ ఫీజు లేకుండా వేయడానికి గడువు 2026 జనవరి 31 దాకా ఇచ్చారు. ఆ స్వీట్ల డబ్బాలో మీ టోకెన్ కూడా ఉందనుకుంటే ముందు వెళ్ళి తెచ్చుకోండి, వాళ్ళ ఆఫీసు సాయంత్రం ఏడు దాకా తెరిచే ఉంటుంది.