ఎలెక్టో: కుబర్నెటీస్ స్టీరింగ్ కమిటీ ఎన్నికల సాఫ్ట్‌వేర్ పై సమీక్ష

అనేక సర్వర్లపై అప్లికేషన్లను నడిపించే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్ కుబర్నెటీస్. ఆ ప్రాజెక్టు సారథ్యం ఏడుగురు సభ్యుల స్టీరింగ్ కమిటీది. ఒక ఏడాది ముగ్గురిని, మరుసటి ఏడాది నలుగురిని రెండేళ్ల పదవీకాలానికి ఎన్నుకుంటారు; ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి కమిటీలో ఉండటానికి వీల్లేదు. 2021 నుంచి ఈ ఎన్నికలు ఎలెక్టో అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ద్వారా జరుగుతున్నాయి. అంతకుముందు వాడిన సివ్స్ అనే ఆన్‌లైన్ ఓటింగ్ సేవలో ఓటు లింకు ఈమెయిల్‌లో వచ్చేది కనుక, అది స్పామ్‌లో పడితే ఓటరుకు ఎన్నిక సంగతే తెలియకపోయే ప్రమాదం ఉండేది. ఎలెక్టోలో గిట్‌హబ్ (ప్రాజెక్టు కోడ్ ఉండే వెబ్‌సైట్) ఖాతాతో లాగిన్ అయితే చాలు, ఆ చిక్కు లేదు.

నాకు ఇందులో బాగా నచ్చినది, ఓటర్ల జాబితా, అభ్యర్థుల పరిచయాలు, ఎన్నికల తేదీలు అన్నీ గిట్ రిపాజిటరీలో (ప్రతి మార్పూ నమోదయ్యే ఫైళ్ల భాండారంలో) అందరి కళ్లెదుటే ఉండటం. జాబితాలో ఎవరి పేరు ఎప్పుడు చేరిందో, ఎవరు చేర్చారో ఎవరైనా చూసుకోవచ్చు. ఓటు మాత్రం రహస్యం. ఓటరు తానే పెట్టుకున్న పాస్‌వర్డ్‌తో తన ఓటుకు తాళం వేసుకుంటారు. గడువు ముగిసేలోగా మనసు మారితే దానితోనే ఓటును మార్చుకోవచ్చు, అది మరచిపోతే ఆ అవకాశం ఉండదు.

ఇక లెక్కింపు. ఇక్కడ ఒక్క పేరుకు టిక్కు పెట్టి ఊరుకోరు, అభ్యర్థులను తమ ఇష్టం కొద్దీ వరుసలో పెడతారు. ఆ వరుసల నుంచి ప్రతి ఇద్దరు అభ్యర్థులనూ పోల్చి, వారిలో ఎక్కువమంది ఎవరిని పైన ఉంచారో చూసి ఫలితం తేలుస్తారు. కొందరికి ప్రాణప్రదంగా, మిగిలినవారికి గిట్టకుండా ఉండే అభ్యర్థి కన్నా, అందరూ రెండో స్థానంలోనైనా ఒప్పుకునే అభ్యర్థికి ఈ పద్ధతిలో మేలు జరుగుతుంది. పరస్పర పోటీదారులైన కంపెనీల ఉద్యోగులు కలిసి పనిచేసే ప్రాజెక్టుకు అలాంటి మనుషులే కావాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

అసంతృప్తి ఉన్నది ఓటు హక్కు దగ్గర. గడచిన ఏడాదిలో కనీసం 50 కాంట్రిబ్యూషన్లు (గిట్‌హబ్‌లో కోడ్ మార్పులు, సమీక్షలు, వ్యాఖ్యల వంటివి) నమోదైనవారికి ఓటు నేరుగా వస్తుంది. స్లాక్ అనే చాట్ వేదికలో కొత్తవారి సందేహాలు తీర్చేవారి శ్రమ, సదస్సులు నడిపేవారి శ్రమ గిట్‌హబ్ లెక్కలోకి రాదు కనుక వారు మినహాయింపు కోరుతూ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఫారం ఎలెక్టోలోనే ఉండటం మంచి ఏర్పాటే అయినా, నిజాయితీగా పనిచేసిన మనిషి తన పనిని తానే రుజువు చేసుకోవలసి రావడం న్యాయం కాదు. అలాంటివారి పేర్లను ఆయా బృందాల నాయకులే ముందుగా జాబితాకు పంపించే పద్ధతి రావాలి.

నిర్వాహకులకు గిట్, యామల్ (సెట్టింగులు రాసే ఫార్మాట్) ఫైళ్లు, సర్వర్ నిర్వహణ తెలిసి ఉండాలి. పదిమంది ఉన్న చిన్న ప్రాజెక్టుకు ఇంత సరంజామా అనవసరం. వందల సంఖ్యలో ఓటర్లు, పలు కంపెనీల ప్రయోజనాలు ఉన్న ప్రాజెక్టుకు మాత్రం దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.