యూత్ అడ్వొకసీ ఉద్యోగానికి ఏది మేలు: ఎంఎస్‌డబ్ల్యూనా, ఫెలోషిప్పా, బస్తీలో ఏడాది పనా?

డిగ్రీ చేతికొచ్చాక స్వచ్ఛంద సంస్థలో చేరి పిల్లల హక్కుల మీదో, యువత సమస్యల మీదో పనిచేద్దామనుకునేవాళ్లు విజయవాడ, గుంటూరుల్లో తక్కువేం లేరు. ఉద్యోగ ప్రకటన చూడగానే అందరికీ ఒకటే టెన్షన్. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) లేదా తత్సమాన అర్హత అంటారు, రెండు మూడేళ్ల అనుభవం అంటారు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయగలగాలంటారు. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం ఇవ్వనిదే అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈ చిక్కు విప్పుకోవడానికి మన దగ్గర కుర్రాళ్లు ఎంచుకునే దారులు మూడు. రెండేళ్లు ఎంఎస్‌డబ్ల్యూ చదవడం, భృతి ఇచ్చి క్షేత్రస్థాయిలో పనిచేయించే ఏదైనా పేరున్న ఫెలోషిప్‌కు వెళ్లడం, లేదా ఊళ్లోనే ఓ చిన్న సంస్థలో చేరి బస్తీల్లో తిరగడం. నా ఓటు మూడోదానికే, కాకపోతే దానికి ఓ షరతు ఉంది. అది చెప్పేముందు ఈ ఉద్యోగంలో చేసే పనేమిటో చూద్దాం. దాన్ని పొరపాటుగా అర్థం చేసుకునే దరఖాస్తులే ఎక్కువ కనిపిస్తాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల నీట మునిగినప్పుడు కాలేజీ పిల్లలు ఎంతోమంది పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు పంచారు. గొప్ప పనే, ఎవరూ కాదనరు. కానీ అది సేవ. అదే వీధుల్లో తిరిగి, టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు తడిసిపోయిన పిల్లల పేర్లు రాసుకుని, ఆ జాబితాతో జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసుకు వెళ్లి, డూప్లికేట్ల కోసం ఒక్కొక్కళ్లు విడివిడిగా తిరగక్కర్లేకుండా ఏర్పాటు చేయమని అడిగారనుకోండి, అది అడ్వొకసీ. ఒక అధికారి నిర్ణయం మారాలి, ఆ మార్పు ఒకరికి కాకుండా అదే ఇబ్బందిలో ఉన్న అందరికీ అందాలి. ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్, రక్తదాన శిబిరం, మొక్కలు నాటిన ఫొటో దరఖాస్తులో పెట్టడం తప్పు కాదు, కానీ ఇంటర్వ్యూలో అడిగేది వేరు: 'మీరు ఎవరిని ఒప్పించారు? దేనికి? ఆ తర్వాత ఏం మారింది?'

ఈ ప్రశ్నకు జవాబు ఏ దారిలో దొరుకుతుందో చూద్దాం.

ఎంఎస్‌డబ్ల్యూ చేయాలంటే మనకు దూరం వెళ్లే పనిలేదు. రెండు నగరాల మధ్య హైవే పక్కనే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ సీట్లు 2021 నుంచి ఏపీ పీజీసెట్‌తోనే. ఈ చదువులో ఉన్న మేలు చట్టం తెలియడం. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవాళ్లెవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. మనకెందుకులే అని ఊరుకోవడానికి వీల్లేదు. టీసీ తేవడం ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి పిల్లల్ని చేర్చుకోకుండా ఆపకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ చెబుతుంది. ఇవి తెలియకుండా బస్తీకి వెళితే మంచి మనసుతోనే చెడు చేసొస్తారు. పైగా చాలా ప్రకటనల్లో మొదటి వడపోత ఈ డిగ్రీ దగ్గరే జరుగుతుంది.

లోటేమిటంటే, వారంలో ఒకటి రెండు రోజులు చేసే ఫీల్డ్‌వర్క్ చాలాచోట్ల రికార్డు పుస్తకం నింపుకోవడంతో సరిపోతుంది. మిర్చి కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు పల్లెలకు కుటుంబాలు తరలివస్తాయి. వెంట వచ్చిన పిల్లలకు బడి ఉండదు. అయిదో సెక్షన్ మీకు కంఠతా వచ్చినా, 'వీళ్లు రెండు నెలల్లో వెళ్లిపోతారు, నా హాజరు శాతం పడిపోతుంది, పైవాళ్లకు నేనేం చెప్పుకోను?' అని హెడ్మాస్టరు నిలదీస్తే ఆ సెక్షన్ ఒక్కటే పనికిరాదు. ఆయన భయమేమిటో విని, మండల విద్యాధికారి (ఎంఈవో) దగ్గర దానికో దారి చూపిస్తే తప్ప ఆయన కదలరు. అది తరగతి గదిలో వచ్చే విద్య కాదు.

ఫెలోషిప్పుల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. గాంధీ ఫెలోషిప్ రెండేళ్లు, ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా పదమూడు నెలలు. భృతి ఇస్తారు, పేరుంటుంది, దేశం నలుమూలల నుంచి వచ్చిన స్నేహితులు దొరుకుతారు, ఇంగ్లీషు మెరుగుపడుతుంది. రేపు ఢిల్లీలోనో బెంగళూరులోనో పనిచేయాలనుకుంటే కళ్లు మూసుకుని ఇటే వెళ్లండి. కానీ మిమ్మల్ని రాజస్థాన్‌కో ఒడిశాకో పంపితే, తిరిగొచ్చాక ఎన్టీఆర్ జిల్లాలో ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. ఎంపిక కూడా అంత సులువు కాదు.

ఇక బస్తీ పని. విజయవాడకు ఈ విషయంలో మంచి వనరు ఉంది. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలి, వీధి పిల్లల కోసం 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్ లాంటి పాత సంస్థలు ఇక్కడే ఉన్నాయి. వీటితోపాటు నలుగురైదుగురితో నడిచే చిన్నవీ చాలా ఉన్నాయి. చిన్నచోట అన్ని పనులూ మీ నెత్తిన పడతాయి. పొద్దున అంగన్‌వాడీ టీచరుతో మాటలు, మధ్యాహ్నం సచివాలయంలో మహిళా పోలీసుతో పని, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ, రాత్రికి దాతకు పంపే రిపోర్టు. చెప్పులు అరుగుతాయి, అయినా ఏడాదిలో జిల్లా యంత్రాంగం మొత్తం మనుషుల ముఖాలతో సహా తెలుస్తుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 సంగతే చూడండి. ఇదివరకు ఆ ఫోన్లు సంస్థలే చూసేవి, 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది. ఫోన్ చేశాక ఎవరు వస్తారో, బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందుకు ఎలా తీసుకెళ్తారో పక్కనుండి చూసినవాళ్లకే తెలుస్తుంది.

కష్టాలు దాచడం ఎందుకు? జీతం చాలా తక్కువ, కొన్నిచోట్ల పెట్రోలు ఖర్చే ఇస్తారు. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. విదేశీ విరాళాల్లో కార్యాలయ ఖర్చుల పరిమితిని 2020లో యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గించాక ఆ డబ్బు మీద నడిచే సంస్థలకు చేతులు కట్టేసినట్టే ఉంది. ఇంట్లో మీ సంపాదన మీదే పొయ్యి వెలగాలంటే ఈ దారి పట్టమని నేను చెప్పను. ముందు జీతమున్న ఏదో ఒక ఉద్యోగం చూసుకుని, ఆదివారాలు ఇటు ఇవ్వండి.

నేను పెట్టే షరతు రాత గురించి. ఏడాదంతా తిరిగి ఒక్క కాగితం కూడా మిగుల్చుకోకపోతే ఆ తిరుగుడు ఇంటర్వ్యూలో అక్కరకు రాదు. ఓ డైరీ పెట్టుకోండి. తేదీ, ఊరు, ఎవరు ఏమన్నారు, ఏ అధికారి ఏం మాటిచ్చారు, మళ్లీ ఎప్పుడు వెళ్లి అడగాలి, ఇవి చాలు. అర్జీలు మీ చేత్తోనే రాయండి, తెలుగులో. పట్నం పిల్లలు ఇంగ్లీషు గురించి దిగులు పడతారు గానీ, తహసీల్దారుకు రాయాల్సిన అరపేజీ తెలుగు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు.

ఉదాహరణకు రెండు అర్జీలు. మొదటిది: 'బాలికా విద్య ప్రాముఖ్యాన్ని గుర్తించి తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరుచున్నాము.' రెండోది: 'మా ఊరికి సాయంత్రం ఆఖరి బస్సు నాలుగున్నరకు. దాన్ని అందుకోవడానికి ఇంటర్ అమ్మాయిలు ఆఖరి పీరియడ్ వదిలేస్తున్నారు. స్త్రీ శక్తి పథకం కింద ప్రయాణం ఉచితమైనా, బస్సే లేనప్పుడు ప్రయోజనం లేదు. ఆ సర్వీసును అయిదున్నరకు మార్చగలరు. పేర్లు, సంతకాలు జతచేశాం.' మొదటిది ఎవరైనా రాస్తారు, చదివి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. రెండోది డిపో మేనేజర్ బల్ల మీద పెట్టొచ్చు. బస్సు మారకపోయినా సరే, ఆ అర్జీ నకలు, దానికి వచ్చిన జవాబు, ఆ తర్వాత మీరు చేసిన పని, ఈ మూడూ ఉంటే ఇంటర్వ్యూలో అరగంట మీదే.

డిగ్రీ వడపోత మాట మరిచిపోలేదు. దానికి దూరవిద్యలో ఇగ్నో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. ఏ డిగ్రీవాళ్లయినా చేరొచ్చు, ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది, రెండేళ్లలో కుదరకపోతే నాలుగేళ్ల దాకా గడువుంటుంది. పని చేస్తూనే చదవొచ్చు, దాని ఫీల్డ్‌వర్క్‌కు మీ చేతిలో నిజమైన సరుకు ఉంటుంది. కొన్ని సంస్థలు రెగ్యులర్ డిగ్రీయే కావాలంటాయి కాబట్టి మీరు కన్నేసిన ప్రకటనలు నాలుగు చదివి నిర్ధారించుకోండి. అక్కడ రెగ్యులర్ తప్పదని ఉంటే నాగార్జునలో చేరి, సెలవులు బస్తీకి ఇవ్వండి.

దరఖాస్తు రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. అంకెలు వాడితే అవి ఏ జిల్లావో చూసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఆ సర్వేలో గుంటూరు జిల్లా అంటే పల్నాడు, బాపట్ల విడిపోకముందున్న పాత గుంటూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయన్న సంగతి తెలిసి రాసినవాళ్లకు అక్కడే ఓ మార్కు. రెండోది ఫొటోలు. బాల్యవివాహం ఆపామనో, పనిలోంచి విడిపించామనో చెబుతూ ఆ పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు జతచేసే దరఖాస్తులు వస్తుంటాయి. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం. ఇలాంటి దరఖాస్తును ఎంత అనుభవం ఉన్నా, దరఖాస్తులు చూసే మేం పక్కన పెట్టేస్తాం. మీ ఫోన్‌లో అలాంటివి ఉంటే ఈరోజే తీసేయండి, స్టేటస్‌లో పెట్టినవి కూడా.