సొప్రానో ఉకులేలే కిట్: బ్రిడ్జి ఎక్కడ అతికిస్తారన్నదే అసలు పరీక్ష

ఉకులేలే అంటే గిటారు లాంటి నాలుగు తీగల బుల్లి వాయిద్యం, సొప్రానో అందులో చిన్న రకం. ఇంట్లో కట్టుకునే సొప్రానో ఉకులేలే కిట్లు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో కనిపిస్తాయి గానీ, పెట్టె విప్పితే దాదాపు అన్నీ ఒకే మూస. బాస్‌వుడ్ అనే తేలిక చెక్క ప్లైతో ముందే అతికించిన డొల్ల, విడిగా మెడ, మెట్లు దిగగొట్టిన పలక, డొల్ల మీద అతికించి తీగలు కట్టే బ్రిడ్జి, తల దగ్గర తీగలు ఆనే నట్, బ్రిడ్జి మీద కూర్చునే శాడిల్, నాలుగు బిరడాలు, నాలుగు నైలాన్ తీగలు, గుప్పెడు చిన్న స్క్రూలు. కొన్నింటిలో చిన్న జిగురు ట్యూబు కూడా ఉంటుంది. ఈ సమీక్ష ఈ రకం కిట్టు గురించే.

ధర విషయంలో ఆశ పెట్టుకోవద్దు. తయారై వచ్చే చవక ఉకులేలేకీ దీనికీ పెద్ద తేడా ఉండదు. పైన ఉప్పు కాగితం, పాలిష్, మంచి తీగలు కలిపితే కిట్టే ఎక్కువవుతుంది. తీగ ఎందుకు పలుకుతుంది, ఎందుకు అపశ్రుతి పడుతుంది అన్నది చేత్తో తెలుసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి కొనుగోలు లేదు. పది పన్నెండేళ్ల పిల్లలు పక్కన పెద్దవాళ్లుంటే హాయిగా చేయగలరు. చేతిపని ఐదారు గంటలే. జిగురు, పాలిష్ ఆరడానికి పట్టే కాలంతో కలిపి వారం పెట్టుకోండి.

పెట్టె రాగానే మెడను చూడండి. తల వైపు నుంచి ఒక కన్ను మూసి, బాణం గురి చూసినట్టు మెట్ల పలక అంచు వెంట చూస్తే వంకర తెలిసిపోతుంది. మెడ మెలి తిరిగి ఉంటే వెంటనే వెనక్కి పంపాలి. దాన్ని ఇంట్లో సరిచేయలేం. డొల్ల పైపలక లోపలికి కుంగి ఉన్నా అంతే. మిగతా లోపాలన్నీ, అంటే మెట్ల చివర్లు వేళ్లకు గుచ్చుకోవడం, అతుకుల దగ్గర జిగురు గడ్డలు, బిరడా రంధ్రాల్లో చెక్క పీచు, ఇవన్నీ మన చేతిలో ఉన్నవే. గుచ్చుకునే మెట్లకు సన్నటి ఆకురాయి ఏటవాలుగా పట్టి రెండు మూడుసార్లు తోస్తే చాలు.

జిగురు ముట్టుకునే ముందు అన్నీ పొడిగా అమర్చి చూడాలి. మెడ మడమ, అంటే మెడ కింది చివర, డొల్లకు ఆనే చోట సందు ఉంటే డొల్ల మీద సుద్దముక్క రాసి, మెడను నొక్కి తీయండి. మడమ మీద తెల్లగా అంటిన చోటే ఎత్తుగా ఉందని అర్థం, అక్కడ మాత్రమే గీకాలి. తర్వాత నట్ మధ్య నుంచి డొల్ల కింది చివర మధ్యకు దారం లాగి పట్టండి. దారం 12వ మెట్టు మీదా, డొల్ల నడిమి అతుకు మీదా సరిగ్గా మధ్యగా పోవాలి. ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయినా చివరి తీగ పలక అంచు మీది నుంచి జారే ప్రమాదం ఉంది. మూడో పరీక్షకు మెట్ల మీద పొడవాటి స్టీలు స్కేలు పెట్టి బ్రిడ్జి వైపు సాగనివ్వండి. స్కేలు బ్రిడ్జి నెత్తిని తాకీ తాకనట్టు ఉండాలి. అంతకంటే కిందికి దిగితే తీగలు ఎత్తయిపోతాయి, వాయించేవాళ్ల వేళ్లు నొప్పెడతాయి.

కిట్టులో వచ్చిన జిగురు పారేయండి. ఫెవికాల్ ఎస్‌హెచ్ చాలు. నాలుగు నైలాన్ తీగల లాగుడు మొత్తం కలిపితే సుమారు 15 కిలోలే, స్టీలు తీగల గిటారు లాగుడులో నాలుగో వంతు కూడా ఉండదు. పెద్ద క్లాంపులు లేకపోయినా పర్వాలేదు. పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పున పట్టీలుగా కోసి మడమ చుట్టూ బిగించి కడితే ఒత్తిడి సమానంగా పడుతుంది. 24 గంటలు కదపకూడదు. ఒక హెచ్చరిక: తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది. మే నెలలో ఎండకు నిలిపిన కారులో వదిలేస్తే తీగల లాగుడుకు మెడ మెల్లగా ముందుకు ఒరుగుతుంది, బ్రిడ్జి లేచిపోతుంది.

ఇక బ్రిడ్జి. ఈ కిట్లలో ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. దానికి కారణం కిట్టుతో వచ్చే కాగితం. డొల్ల అంచు నుంచి ఇన్ని సెంటీమీటర్లు అని అందులో రాసి ఉంటుంది, లేదా పైపలక మీద పెన్సిలు గీత ఉంటుంది. రెండూ నమ్మవద్దు. మెడ అతికేటప్పుడు అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో అటూ ఇటూ అవుతుంది కాబట్టి కొలత ఎప్పుడూ మెట్ల పలక నుంచే తీయాలి. నట్ లోపలి అంచు నుంచి 12వ మెట్టు మధ్య వరకు కొలవండి. అది 173 మిల్లీమీటర్లు అనుకుందాం. రెట్టింపు 346. తీగను నొక్కినప్పుడు అది కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది గనుక దానికి మరో 2 మిల్లీమీటర్లు కలపాలి. అంటే నట్ నుంచి 348 దగ్గర శాడిల్ ముందు అంచు నిలవాలి. గుర్తుంచుకోండి, కొలత శాడిల్‌కు, బ్రిడ్జి చెక్క అంచుకు కాదు. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

పొరపాటు ఎంత ఖరీదో చూడండి. శాడిల్ 346 దగ్గర కాకుండా 343 దగ్గర పడితే, సాగుడు లెక్క వదిలేసినా, 12వ మెట్టు మీద స్వరం సుమారు 15 సెంట్లు హెచ్చుతుంది. అర్ధస్వరానికి నూరు సెంట్లు. ఖాళీ తీగలు ఎంత శుద్ధంగా శ్రుతి చేసినా పైకి వెళ్లేకొద్దీ వాయిద్యం చెడుతూనే ఉంటుంది. వీణ వాయించేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి, శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్లీ మేళం కట్టుకోవచ్చు. ఉకులేలే మెట్లు చెక్కలోకి దిగగొట్టినవి. అవి కదలవు. కాబట్టి ఆ సవరణ అంతా ఒకేసారి, బ్రిడ్జి అతికే రోజునే జరిగిపోవాలి.

బ్రిడ్జి కింద పాలిష్ ఉండకూడదు, జిగురు చెక్కనే పట్టాలి. అందుకే చోటు గుర్తు పెట్టుకుని, ఆ మేరకు కాగితం టేపు అతికించి, చుట్టూ పాలిష్ వేసి, తర్వాత టేపు తీసి అతికించాలి. చిన్న సీ క్లాంపు ధ్వని రంధ్రంలోంచి బ్రిడ్జి దాకా అందదు. పైన ఇటుక బరువు పెడితే పైపలక కుంగుతుంది. బ్రిడ్జికి రెండు చిన్న స్క్రూలు ఇచ్చే కిట్టు దొరికితే అదే కొనండి. అవి బలానికే కాదు, జిగురు తడిగా ఉన్నప్పుడు బ్రిడ్జి జారకుండా పట్టి ఉంచడానికి కూడా.

పాలిష్‌కు ముందు రుద్దేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉంచండి. ప్లై పైపొర చాలా పలచన. 120 నంబరు కాగితంతో మొదలుపెడితే కింది పొర బయటపడి మచ్చలవుతుంది. 240తో మొదలుపెట్టి 320, 400తో ముగించాలి. 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 20 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టి, దూది చుట్టిన గుడ్డతో ఐదారు పలుచని పూతలు వేస్తే అందంగా వస్తుంది, శబ్దాన్నీ నొక్కదు. మందంగా పీయూ (పాలీయురేథేన్ వార్నిష్) కొడితే అంత చిన్న పైపలకకు అది బరువే. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరంలో, గాలి తేమకు లక్క పూత పాలలా తెల్లబడుతుంది. పొడి మధ్యాహ్నం చూసుకుని వేయడమే మందు.

బిరడాలు కిట్టులో అన్నిటికంటే నాసి వస్తువు. పళ్లచక్రం లేని రాపిడి బిరడాలు తిప్పినంతే తిరుగుతాయి, వెంట్రుకవాసి కదిలినా స్వరం దాటిపోతుంది. పిడి సుమారు 14 చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే కడ్డీ ఒక చుట్టు తిరిగే పళ్లచక్రం రకం ఉన్న కిట్టు ఎంచుకోండి. వాటి స్క్రూలు బుల్లివి. 1.5 మిల్లీమీటర్ల రంధ్రం ముందే వేసి, మరకు కొవ్వొత్తి రుద్ది బిగించాలి. లేకపోతే తల తెగి చెక్కలో ఉండిపోతుంది.

తీగలు ఎక్కించాక ఎత్తు చూడాలి. 12వ మెట్టు దగ్గర తీగ కింద 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ కింది వైపు రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. అద్దం మీద ఉప్పు కాగితం పరిచి, నిలువుగా పట్టి రుద్దండి. నట్ పరీక్ష వేరు: రెండు, మూడు మెట్ల మధ్య తీగ నొక్కితే మొదటి మెట్టు మీద సన్న కాగితం పట్టేంత సందు మిగలాలి. ఫ్యాక్టరీ నట్‌లో తీగలు కూర్చునే గాళ్లు దాదాపు ఎప్పుడూ ఎత్తుగానే వస్తాయి. అందుకే సీ కార్డు (కార్డు అంటే కలిపి మీటే స్వరాల గుంపు) బాగా పలికి ఎఫ్, డీ కార్డులు అపశ్రుతిగా వినిపిస్తాయి. చాలామంది తీగలను తిడతారు, తప్పు నట్‌ది. గాళ్లు కొద్దికొద్దిగా లోతు చేయండి, మరీ లోతైతే ఖాళీ తీగ మెట్టుకు తగిలి జర్రుమంటుంది.

తీగల వరసలో అన్నిటికంటే లావుది మూడోది, నాలుగోది కాదు. ఇది తెలియక వరసగా లావు నుంచి సన్నం కట్టినవాళ్లు మొదటి రోజే తీగ తెంపుకుంటారు. నాలుగు నుంచి ఒకటి దాకా జీ, సీ, ఈ, ఏ. ఒకటి శ్రుతిలో సీని షడ్జం అనుకుంటే పంచమం, షడ్జం, అంతర గాంధారం, చతుశ్శ్రుతి ధైవతం. ఆ పంచమం మంద్రం కాదు, షడ్జానికి పైన పలికేది. ఉకులేలేకు ఆ గలగల వచ్చేది అందువల్లే. ఏ తీగ 440 హెర్ట్జ్.

శబ్దం గురించి నిజం చెప్పాలి. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి రేవెన్స్‌క్రాగ్ ఓడలో హవాయిలోని హొనలూలు చేరిన వడ్రంగులు తమ బుల్లి మషెట్ వాయిద్యాన్ని అక్కడి కోవా చెక్కతో చేయడం నుంచి ఉకులేలే పుట్టింది. ఆ గుండ్రటి నాదం బాస్‌వుడ్ ప్లైలో రాదు. ఇది సన్నగా, పొడిగా పలుకుతుంది. కిట్టు తీగలు తీసి అక్విలా లాంటి మంచి సెట్టు వేస్తే తేడా స్పష్టంగా వినిపిస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు స్టూమాక్ అనే కంపెనీ కిట్టు అందుబాటులో ఉంది: అచ్చమైన మహోగని చెక్క, వంచిన పక్కలు, డొల్ల కూడా మనమే కట్టుకోవాలి. పని, ఖర్చు రెండూ అనేక రెట్లు, అచ్చులూ క్లాంపులూ కావాలి. మొదటి వాయిద్యంగా ఈ ప్లై కిట్టుతోనే చేయి తిరగనివ్వండి.

కొత్త నైలాన్ నాలుగైదు రోజులు సాగుతూనే ఉంటుంది. శ్రుతి చేసి, ఒక్కో తీగను మధ్యలో పట్టి మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేయండి. బిరడా జారుతోందేమోనని స్క్రూ బిగించేముందు ఈ ఐదు రోజులు ఆగండి.