ఇంటి సర్వర్ బయటి నుంచి తెరవాలంటే: పోర్ట్ ఫార్వర్డింగా, టన్నెలా?

పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను రౌటర్ నేరుగా మీ సర్వర్‌కు పంపడం; టన్నెల్ అంటే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి మధ్యవర్తి సర్వీస్ ద్వారా సర్వర్‌ను చేరడం. ముందు రౌటర్‌లో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ (ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడం) వెనక ఉన్నట్టే, ఫార్వర్డింగ్ పనిచేయదు.

ఖర్చు: ఫార్వర్డింగ్‌కు పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రస్) కావాలి, దానికి కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు విడిగా డబ్బు తీసుకుంటాయి. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ ఉచితమే, కానీ సొంత డొమైన్ (సైట్ పేరు) ఉండాలి.

రిస్క్: పోర్ట్ 443 (హెచ్‌టీటీపీఎస్ సైట్లు వాడే ద్వారం) తెరిస్తే బాట్‌లు (ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు) వచ్చి తడుతూనే ఉంటాయి. టన్నెల్‌లో సర్వరే బయటికి కనెక్ట్ అవుతుంది, ఏ పోర్టూ తెరవక్కర్లేదు. కానీ హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్ క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరే విప్పేస్తారు, అంటే మీ డేటా వాళ్లకు కనిపించే వీలుంది. నాకు ఇదే పెద్ద అభ్యంతరం.

తిప్పలు: ఫార్వర్డింగ్ పెట్టాక ఇంటి వైఫైలో బయటి అడ్రస్ తెరుచుకోకపోతే టెన్షన్ వద్దు. రౌటర్‌లో నాట్ లూప్‌బ్యాక్ (ఇంట్లోంచే బయటి అడ్రస్ తెరవనిచ్చే సౌకర్యం) లేకపోయి ఉండొచ్చు; మొబైల్ డేటాతో చూడండి.

పబ్లిక్ ఐపీ ఉండి, సొంత ఫైళ్లు పెట్టుకుంటే ఫార్వర్డింగ్. సీజీనాట్ ఉన్నా, అందరూ చూసే సైటైనా టన్నెల్.