బీఎండబ్ల్యూ 2002 టీఐ: ఏళ్ల తరబడి రేసుల్లో నడిపాక

1970లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాకు మీద మొట్టమొదటి 24 గంటల రేసు గెలిచింది బీఎండబ్ల్యూ 2002 టీఐ. నడిపినవాళ్లు హాన్స్ యోఆకిమ్ ష్టుక్, క్లెమెన్స్ షికెన్‌టాన్స్. ష్టుక్‌కి అప్పటికి 19 ఏళ్లే. అదే మోడల్ కారుతో నేను చాలా సీజన్లుగా జర్మనీలో హిస్టారిక్ రేసుల్లో, అంటే పాతకాలపు కార్ల రేసుల్లో, దిగుతున్నాను. కొందామని చూస్తున్నవాళ్లు ముందుగా అడిగేది పవర్ ఎంత వస్తుందని. పవరే కావాలంటే ఈ కారు జోలికి రావద్దు. మలుపులో వేగం చేజారకుండా నడపడం మీకు ఇష్టమైతే మాత్రం, ఈ డబ్బుకి ఇంతకంటే మంచి జర్మన్ టూరింగ్ కారు నాకు తెలియదు.

ఇంజిన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హాజెన్ రూపొందించిన ఎం10 అది. నాలుగు సిలిండర్లు, 1990 సీసీ, ఇనప బ్లాకు, ఐదు మెయిన్ బేరింగులు, వాల్వులు తెరిపించే కామ్‌షాఫ్టుకి జంట వరసల చెయిన్. ఫ్యాక్టరీ నుంచి టీఐ 120 హార్స్‌పవర్‌తో వచ్చేది. దీని వంశంలోని బ్లాకు మీదే తర్వాత ఫార్ములా వన్ టర్బో ఇంజిన్ కట్టారు. 1983లో నెల్సన్ పికే బ్రబమ్ కారులో ప్రపంచ ఛాంపియన్ అయింది దానితోనే. అంత భారం మోయగలిగిన బ్లాకుకి మా రేసులు పెద్ద పరీక్షేమీ కాదు. నా ఇంజిన్ రెండు వెబర్ 45 కార్బురేటర్లతో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద 180 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. ఇంకా పిండొచ్చు, పిండేవాళ్లూ ఉన్నారు. కానీ నేను 7,500 ఆర్‌పీఎమ్ దాటనివ్వను. చివరి పది హార్స్‌పవర్ కోసం ఖర్చుపెట్టే డబ్బుతో ఒక సీజన్ టైర్లు వస్తాయి.

ఈ ఇంజిన్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది మన చేత్తో మనం చూసుకోగలగడం. వాల్వ్ క్లియరెన్సే తీసుకోండి, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్ అనే మీటకీ మధ్య ఉండాల్సిన ఖాళీ. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పైకవర్ తీస్తే ఎనిమిది రాకర్లు కనిపిస్తాయి. ప్రతి రాకర్ కొసన ఆ ఖాళీని సరిచేసే చిన్న గుండ్రటి ఎక్సెంట్రిక్, దాని పక్కన సన్నటి రంధ్రం ఉంటాయి. 10 మిల్లీమీటర్ల నట్టు కొద్దిగా వదులు చేసి, కొస వంచిన తీగ ఆ రంధ్రంలో దూర్చి, ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్ బ్లేడు కాస్త పట్టేస్తూ జారేదాకా తిప్పాలి. రోడ్డు కారుకైతే 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్లు. రేసు కామ్‌షాఫ్టు వేస్తే అది చేసినవాళ్లు ఇచ్చిన కొలతే పాటించాలి. నట్టు బిగించేటప్పుడు ఎక్సెంట్రిక్ పిసరంత కదులుతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి. క్వాలిఫయింగ్‌కీ రేసుకీ మధ్య ఇంజిన్ చల్లారేంత వ్యవధి దొరికితే పాడాక్‌లోనే (రేసు కార్లు నిలిపే ఆవరణ), వాన పడుతున్నా గొడుగు కింద, ఈ పని అయిపోతుంది. లాప్‌టాప్ అక్కర్లేదు.

ఇక నడపడం. కారు బరువు టన్నులోపే. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. నూర్‌బర్గ్‌రింగ్‌లో ఇప్పుడున్న 5.148 కిలోమీటర్ల గ్రాండ్‌ప్రీ ట్రాకు మీద దీని మంచీ చెడూ రెండూ డన్‌లప్ మలుపు దగ్గర తేలిపోతాయి. అక్కడికి దిగుడులో వస్తాం. బ్రేకు మీద ముక్కు వంగుతుంది, వెనక తేలికవుతుంది. కుడివైపు తిరిగే పొడవాటి మలుపు అది. అక్కడ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీశారంటే తోక బయటికి విసురుతుంది. వెనకున్న సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ సస్పెన్షన్ తీరే అంత. వెనక భాగం పైకి లేచేకొద్దీ చక్రాల వాలూ దిశా మారిపోయి పట్టు తగ్గుతుంది. కాబట్టి బ్రేకు పని తిన్నటి దారిలోనే ముగించి, మలుపు మధ్యలో కాలు కొద్దిగా నొక్కి ఉంచాలి. అలా ఉంచితే వెనక కుదురుగా కూర్చుని, లోపలి ముందు చక్రం నేల మీద నుంచి అంగుళం లేచి, కారు మొత్తం మెల్లగా బయటికి జారుతూ పోతుంది. పాత పద్ధతి క్రాస్‌ప్లై టైర్ల మీద ఆ జారుడు చెప్పి మరీ వస్తుంది, హఠాత్తుగా రాదు. ఫోర్డ్ ఎస్కార్ట్ వాళ్లు ఎక్కుడులో నన్ను దాటేస్తారు, ఆల్ఫా రోమియో జీటీఏ అల్యూమినియం ఒళ్లుతో బ్రేకు దగ్గర దాటేస్తుంది. మలుపు లోపల మాత్రం చాలాసార్లు వాళ్లని నేను పట్టుకుంటాను. ఈ ట్రాకున్న ఐఫెల్ కొండల్లో వాన మొదలైతే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అప్పుడు పవర్ ఎక్కువున్న కార్లు దాన్ని వాడుకోలేవు.

లోపాలూ ఉన్నాయి, దాచను. పొడవాటి మలుపుల్లో ఆయిల్ సంపులో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ఒక పక్కకి పోగై పంపుకి అందదు. సంపులో అడ్డుగోడలు పెట్టించకుండా ఈ కారుని ట్రాకు ఎక్కించకండి. ప్రెషర్ మీటరు ముల్లు ఒక్క క్షణం పడిపోయినా బేరింగులకి ముప్పే. గేర్‌బాక్సుకీ వెనక షాఫ్టుకీ మధ్య రబ్బరు డిస్కు ఒకటుంటుంది, మెకానిక్కులు గిబో అంటారు. దాని మీద చీలిక గీతలు కనిపిస్తే మార్చేయాలి. ఒక దుకాణం నాకు కొత్తదని అమ్మిన డిస్కు ఒకే వారాంతంలో చీలింది. ఎన్నాళ్లో అరలో పడి ఎండిపోయిన సరుకు అది. అప్పటి నుంచి తయారైన తేదీ చూడకుండా రబ్బరు వస్తువేదీ కొనను. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ పాత ఇంధన పైపుల్ని లోపలి నుంచి పాడుచేస్తుంది. అవి మొత్తం మార్చాల్సిందే, ఎందుకంటే కారుతుంటే పెట్రోల్ పడేది వేడెక్కిన ఎగ్జాస్టు పక్కనే.

కొత్తగా వచ్చేవాళ్లకి అసలు టెన్షన్ కారుతో కాదు, కాగితాలతో. అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ ఎఫ్ఐఏ ఇచ్చే హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్టు, అంటే హెచ్‌టీపీ లేకపోతే అంతర్జాతీయ రేసుల్లో చాలావాటికి రానివ్వరు. కారులో ఉన్న ప్రతి భాగమూ ఆనాడు ఆ మోడల్‌ని రేసులకి ఆమోదించిన హోమోలోగేషన్ పత్రంతో సరిపోవాలి. పాస్‌పోర్టుకి పదేళ్ల గడువు. బెల్టులు, సీటు, ఇంధన ట్యాంకులోని రబ్బరు సంచి గడువు తీరగానే మార్చాలి. బెల్టు తళతళా మెరుస్తున్నా లేబుల్ మీద రాసి ఉన్న సంవత్సరం దాటితే స్క్రూటినీలో (రేసుకి ముందు జరిగే తనిఖీ) ఆపేస్తారు. ఖర్చు లెక్క వేసేటప్పుడు చాలామంది ఇంజిన్, టైర్లు రాసుకుని ఇవి వదిలేస్తారు. నా ఖాతాలో ఇవి ఇంజిన్ ఖర్చుతో పోటీపడతాయి. అయినా ఆ నిబంధనల మీద నాకు ఫిర్యాదు లేదు. రోల్ కేజ్ (కారు బోల్తా పడినా కాపాడే ఉక్కు చట్రం), మెడని కాపాడే హాన్స్ పరికరం, మంటలార్పే వ్యవస్థ ఉన్నాయి కాబట్టే యాభై ఏళ్లు దాటిన రేకు డబ్బాని నిజమైన వేగంతో నడపగలుగుతున్నాం.

బీఎండబ్ల్యూదే ఈ30 ఎం3 కొనొచ్చు కదా అని అడుగుతారు. 1986లో వచ్చిన ఆ కారు గొప్పదే. దాని ఎస్14 ఇంజిన్ కూడా ఎం10 బ్లాకు నుంచే పుట్టింది. మిత్రుడి ఎం3 నేనూ నడిపాను. బ్రేకుల్లో, వెనక పట్టులో దాని ముందు నాది తేలిపోతుంది. కానీ దాని ధర, విడిభాగాల ధర ఎంత పెరిగిపోయాయంటే, పక్కవాడి డోరు తగులుతుందేమోనని మలుపు వదిలేసేవాళ్లని చూశాను. 2002లో ఆ భయం తక్కువ. రెక్క నలిగితే వేరే రెక్క దొరుకుతుంది, వచ్చే రేసుకి సిద్ధం.

జర్మనీలో ఉన్న తెలుగువాళ్లెవరికైనా ఆసక్తి ఉంటే, కొనే ముందు ఆగస్టులో జరిగే ఓల్డ్‌టైమర్ గ్రాండ్‌ప్రీకి నూర్‌బర్గ్‌రింగ్ రండి. పాడాక్‌లో కార్ల పక్కనే నిలబడి చూడొచ్చు, యజమానులు విసుక్కోకుండా చెబుతారు. అమ్మకానికున్న 2002 దొరికితే బానెట్ తర్వాత తెరవండి. ముందు హెచ్‌టీపీ అడిగి, అందులోని ఫొటోలు పక్కన పెట్టుకుని కారు చుట్టూ తిరగండి. తర్వాత లిఫ్టు మీదికెత్తించి, వెనక సబ్‌ఫ్రేము బాడీకి బిగించిన చోట్లా, ముందు షాక్ అబ్జార్బర్ల పైతలాల దగ్గరా టార్చి వేసి చూడండి. పగుళ్లు, తాజా వెల్డింగు, దళసరిగా పూసిన నల్ల రంగు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. ఇంజిన్ పాడైతే ఒక చలికాలంలో బాగుచేసుకోవచ్చు. బాడీ వంగితే ఆ కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా తిరుగుతూనే ఉంటుంది.