ఇంటి పక్కనే జపాన్: మా ఊరి కోమిన్‌కాన్‌లో ఒక ఏడాది

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామంది ఇక్కడి సంస్కృతిని చూడాలనుకున్నప్పుడు క్యోటోకో, టోక్యోలోని అసకుసాకో రైలెక్కుతారు. నేనూ మొదటి రెండేళ్లు అదే పని చేశాను. సైతామాలో మేముండే చిన్న పట్టణంలో, ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న కోమిన్‌కాన్‌లో ఏడాది పొడవునా ఏదో ఒక కార్యక్రమం జరుగుతూనే ఉంటుందని, మా వీధిలో ఇంటింటికీ తిరిగే కైరాన్‌బాన్ అనే ప్రకటనల అట్టను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టిన తరువాతనే తెలిసింది. ఆ ఏడాదిలో ఆరింటికి వెళ్లాను. వాటిలో రెండింటి కోసమైతే పని మానుకొని అయినా వెళ్లవచ్చు, మరొకదానికి వెళ్లకపోయినా పోయేదేమీ లేదు.

కోమిన్‌కాన్ అంటే పురపాలక సంఘం నడిపే ప్రజాభవనం. యుద్ధం ముగిశాక 1949లో వచ్చిన సామాజిక విద్యా చట్టం వీటికి పునాది వేసింది. కేవలం లాభం కోసం వ్యాపారం నడపడాన్ని ఆ చట్టం నిషేధించింది కాబట్టి, ఇక్కడ రుసుము అంటే చాలావరకు సరుకుల ఖర్చే. నేను ఒక్కో కార్యక్రమానికి 300 నుంచి 500 యెన్‌లకు మించి చెల్లించలేదు. పర్యాటక కేంద్రాలలో తేనీటి వేడుకకు ఎంత అడుగుతారో తెలిసినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు.

అన్నింటిలోకీ నన్ను ఎక్కువగా కట్టిపడేసింది శరదృతువులో నాలుగు శనివారాలు సాగిన తేనీటి తరగతి. మొదటి రోజు మాకు ఆకుపచ్చ తేయాకు పొడితో తేనీరు కలపడం నేర్పలేదు, నడవడం నేర్పారు. తతామి చాప అంచు మీద అడుగు పెట్టకూడదు, గదిలోకి మోకాళ్ల మీద జరుగుతూ రావాలి, మిఠాయిని తేనీటికి ముందే పూర్తిగా తినేయాలి. గిన్నెను ఎడమ అరచేతిలో ఉంచి, దాని ముందువైపు మన పెదవులకు తగలకుండా సవ్యంగా రెండుసార్లు తిప్పి తాగాలి. మా గురువు గారిది ఉరాసెంకె శాఖ. 16వ శతాబ్దపు తేనీటి కళా గురువు సెన్ నో రిక్యూ మనవడైన సోతాన్ కొడుకుల నుంచి వచ్చిన మూడు శాఖలలో ఇదొకటి. వాటిలో మరొకటైన ఒమోతెసెంకె వారు తేనీటి మీద నురగను తక్కువగా ఉంచితే, వీరు నిండా నురగ వచ్చేదాకా చిలుకుతారు. ఆ చిలికే చాసెన్‌ను ఒకే వెదురు ముక్కను సన్నని పుల్లలుగా చీల్చి తయారుచేస్తారు. మజ్జిగ చిలకడం చూసి పెరిగిన నాకు ఇది చేతికి సులువుగా వస్తుందనుకున్నాను కానీ, మన కవ్వంలా అరచేతుల మధ్య తిప్పితే నురగ రాదు. మణికట్టుతో ముందుకూ వెనక్కూ వేగంగా ఆడించాలి. నా గిన్నెలో నురగ నిలిచింది మూడో వారంలోనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేలమీద కూర్చోవడం మనకు అలవాటే కదా అని ధీమాగా వెళ్లినవాళ్లలో నేనొకణ్ణి. మనం కూర్చునేది బాసిపట్టు వేసుకొని. సేజా అనే వీరి పద్ధతి వజ్రాసనానికి దగ్గరగా ఉంటుంది. ఇరవై నిమిషాలు గడిచేసరికి కాళ్లు తిమ్మిరెక్కి, గిన్నె తిరిగి ఇవ్వడానికి లేవబోయి పక్కన కూర్చున్న పెద్దావిడ మీద పడబోయాను. ఆవిడ నవ్వి, తన సంచిలోంచి పాదాల మధ్య పెట్టుకునే చిన్న పీట తీసి ఇచ్చారు. ఆమెకు ఆ కళలో నలభై ఏళ్ల అనుభవమట, అయినా పీట లేనిదే కూర్చోరు. శాకాహారులకు కూడా ఈ తరగతి నిశ్చింతగా ఉంటుంది. మాకు పెట్టిన మిఠాయిలు చిక్కుడు జాతి గింజల ముద్దతోనూ, సముద్రపు నాచునుంచి తీసే కాంతెన్‌తోనూ చేసినవి.

విదేశీయుల కోసం ప్రత్యేకంగా పెట్టిన కిమోనో కార్యక్రమం మాత్రం నన్ను నిరాశపరిచింది. వరసలో నిలబెట్టి, పది నిమిషాల్లో కట్టి, కాగితపు చెర్రీ కొమ్మ పక్కన ఫోటో తీసి విప్పేశారు. అక్కడ మేము అతిథులమే తప్ప నేర్చుకోవడానికి వచ్చినవాళ్లం కాదు. అదే దుస్తుల గురించి నాకు తెలిసినదంతా ఆగస్టులో పితృదేవతల పండుగైన బోన్‌కు ఆడే బోన్ ఒదోరి నాట్యానికి వెళ్లినప్పుడు తెలిసింది. నేను సొంతంగా యుకాత, అంటే వేసవిలో వేసుకునే పలచని నూలు కిమోనో, కట్టుకొని వెళ్తే, మహిళా సంఘం పెద్ద ఒకావిడ నన్ను చూసి కంగారుగా పక్కకు తీసుకెళ్లి, అంతా విప్పి మళ్లీ కట్టారు. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవారికి మాత్రమే. పితృదేవతలు ఇంటికి వచ్చే రోజులలో నేను ఆ వేషంలో ప్రత్యక్షమైనందుకు చాలాసేపు నవ్వుకున్నారు.

ఆ నాట్యానికి ముందు వారం రెండు సాయంత్రాలు సాధన పెట్టారు. మధ్యలో యగుర అనే చెక్క మంచె, దాని మీద పెద్ద డోలు, చుట్టూ వలయాకారంలో జనం. ముందున్నవారిని చూస్తూ కదలడమే తప్ప పాఠమంటూ లేదు. మనవైపు బతుకమ్మ ఆడినవారికి ఈ పద్ధతి చెప్పనవసరం లేదు. ఎక్కువసార్లు వేసిన పాట ఫుకుఓకా బొగ్గు గనులలో పుట్టిన తాంకో బుషి. పారతో తవ్వడం, బొగ్గును భుజం మీదుగా వెనక్కి వేయడం, చేతిని నుదుటికి అడ్డం పెట్టి చంద్రుణ్ణి చూడడం, బండిని తోయడం, ఇవే అందులోని అడుగులు. ఒకసారి ఆ అర్థం తెలిస్తే మరచిపోవడం కష్టం. గుజో ఒదోరి వంటి బోన్ నాట్యాలతో కలిపి మొత్తం 41 జానపద నృత్యాలను 2022లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. మా ఊరి నాట్యం ఆ జాబితాలో లేదు. మంచె కట్టడానికి మనుషులు చాలడం లేదని తెలిసి, శనివారం పొద్దున్నే నేనూ వెళ్లి వెదుళ్లు మోశాను. అప్పటిదాకా నాకు తలవంచి నమస్కరించి ఊరుకునే ఇరుగుపొరుగు, ఆ రోజు నుంచి ఆగి మాట్లాడుతున్నారు.

జనవరిలో జరిగిన కాకిజోమె, అంటే కొత్త ఏడాదిలో తొలిసారి కుంచె పట్టి రాసే కార్యక్రమం, పిల్లలకు బాగుంది. పెద్దలకు చోటు చాలలేదు. మార్చి 3న వచ్చే హినామత్సురికి ముందు పెట్టిన బొమ్మల ప్రదర్శన చూసి మా అమ్మాయి బొమ్మల కొలువనే అనుకుంది. ఎర్రటి బట్ట పరిచిన ఏడు మెట్లు, పై మెట్టు మీద రాజదంపతులు, కింద ముగ్గురు పరిచారికలు, వారి కింద ఐదుగురు వాయిద్యగాళ్లు. పండుగ వెళ్లిపోయాక బొమ్మలు త్వరగా సర్దకపోతే ఆడపిల్లకు పెళ్లి ఆలస్యమవుతుందన్న నమ్మకం విని మా ఆవిడ నావైపు అదోలా చూసింది. మా ఇంట్లో దసరా బొమ్మలు దీపావళి దాకా మెట్ల మీదే ఉంటాయి.

డిసెంబరులో మోచిత్సుకి, అంటే జిగురు బియ్యాన్ని ఉడికించి దంచే వేడుక, తేనీటి తరగతితో సమానంగా నాకు నచ్చింది. ఉసు అనే రోలు మన రోలును పోలినదే కానీ, కినే మాత్రం రోకలి కాదు, చెక్కతో చేసిన పెద్ద సుత్తి. ఆవిరి మీద ఉడికిన బియ్యాన్ని రోట్లో వేయగానే దంచితే మెతుకులు ఎగిరిపోతాయి. ముందు కినేతో నొక్కుతూ రోలు చుట్టూ తిరిగి ముద్దగా చేయాలి, ఆ తరువాతే దెబ్బ. ఒకరు దంచుతుంటే మరొకరు తడి చేత్తో ముద్దను తిప్పుతారు. ఇద్దరి లయ తప్పితే వేళ్లు నలుగుతాయి కాబట్టి అందరూ యొయిషో అని గట్టిగా అరుస్తూ తాళం వేస్తారు. కొత్తవాళ్లం దంచేటప్పుడు తిప్పే పని మాత్రం ఊరి పెద్దలే చేశారు, నన్ను నమ్మి వేళ్లు పెట్టినందుకు వారికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. సోయా పిండి అద్దిన ముద్దలనూ, ఎర్ర గింజల తీపి పులుసునూ శాకాహారులు నిరభ్యంతరంగా తినవచ్చు. కూరల పులుసులో మాత్రం చేపల సారం ఉంటుంది. ముసలివాళ్లకు గొంతులో అడ్డుపడుతుందని ముద్దలను ముందే చిన్నచిన్నగా తుంచి పెట్టారు.

లోపాలు లేకపోలేదు. ప్రకటనలన్నీ జపాన్ భాషలోనే, అందులోనూ కాంజీలనే కఠినమైన చైనా మూలపు అక్షరాలతో ఉంటాయి. ఫోనులో ఫోటో తీసి అనువదించుకుంటే తారీఖులు తెలుస్తాయి కానీ, ఏం వెంట తెచ్చుకోవాలన్నది ప్రతిసారీ తికమకే. పేరు నమోదు చేసుకోవాలంటే పనిరోజుల్లో పగటిపూట ఫోను చేయాలి. ఉద్యోగం చేసేవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి, పైగా తరగతికి పన్నెండు మందినే తీసుకుంటారు. నేను మధ్యాహ్న భోజన విరామంలో ఫోను చేస్తే ఒకసారి అప్పటికే నిండిపోయిందన్నారు.

వెళ్లాలనుకునేవారు తేనీటి తరగతికి తెల్లటి మేజోళ్లు, మోచిత్సుకికి తుడుచుకునే గుడ్డ, మిగిలినవి ఇంటికి తెచ్చుకోవడానికి ఒక డబ్బా పట్టుకెళ్లండి. చేతి ఉంగరాలు, గడియారం తేనీటి గదిలోకి వెళ్లేముందే తీసేయాలి, పాత గిన్నెలకు గీతలు పడతాయి. నవంబరులో గదిలోని నీళ్లు కాచే పొయ్యి నేలలోకి మారుతుందనీ, దానితో పాటు కలిపే పద్ధతి కూడా మారుతుందనీ గురువు గారు చివరి శనివారం చెప్పారు. నేను నేర్చుకున్నది అప్పటిదాకా నడిచే వేసవి పద్ధతి ఒక్కటే కాబట్టి, ఈసారి శీతాకాలపు తరగతికి పేరు ఇచ్చాను.