పెట్టె మీద 1200, చేతికొచ్చింది 4: మూడేళ్లు వాడిన రౌటర్ గురించి

2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫై బ్యాండ్లున్న ఈ డ్యూయల్ బ్యాండ్ రౌటర్ కొని మూడేళ్లు దాటింది. నెట్ విషయంలో దీనికి వంక పెట్టలేను. మాది 50 ఎంబీపీఎస్ ప్లాన్, దానికి ఇది బోలెడు. తిప్పలన్నీ ఇంట్లోనే ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు పంపేటప్పుడే.

చెల్లి పెళ్లి వీడియోలు, 30 జీబీ, లాప్‌టాప్ నుంచి హాల్లో ఉన్న డెస్క్‌టాప్‌కి కాపీ పెడితే సెకనుకు 4 ఎంబీ చూపించింది. అంటే రెండు గంటల పైమాటే. రీసెట్ చేశాను, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాను, ఏం లాభం లేదు.

తీరా చూస్తే రెండు సిస్టమ్‌లూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉన్నాయి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉండటంతో అవి వాటికి నచ్చింది పట్టుకున్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఆ బ్యాండ్ మీద ఇరవైకి పైగా వైఫైలు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లేమో 1, 6, 11, అంతే. 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి రెండింటినీ అటు మార్చాక సెకనుకు 25 ఎంబీ దాటింది. వంటింట్లోకి వెళ్తే మాత్రం సిగ్నల్ నీరసం.

పెట్టె మీది 1200లో ఇంతేనా అంటే, అది 2.4 బ్యాండ్ 300, 5 బ్యాండ్ 867 కలిపి, గుండ్రం చేసి రాసిన లెక్క, అదీ సెకనుకు మెగాబిట్లలో, అంటే ఎంబీపీఎస్‌లో. ఎంబీలు (మెగాబైట్లు) కావాలంటే ఎనిమిదితో భాగించాలి. పైగా లాప్‌టాప్ రౌటర్‌కి పంపాలి, రౌటర్ అదే గాలిలో మళ్లీ డెస్క్‌టాప్‌కి పంపాలి. అక్కడికి సగం పోయింది.

డెస్క్‌టాప్‌కి కేబుల్ వేస్తే ఇంకా పెరుగుతుందనుకున్నా. 11కి పడిపోయింది! రౌటర్ ల్యాన్ పోర్టులు, అంటే కేబుల్ గుచ్చే చోట్లు, 100 ఎంబీపీఎస్‌వట. పెట్టె వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 10/100 అని ఉంది. అంత పెద్ద 1200 ముద్రించినవాళ్లకి ఇది పెద్దగా వేయడానికి చోటు దొరకలేదు కాబోలు.

చివరికి ఒక చిన్న గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్, అంటే నెట్‌వర్క్ కేబుళ్లు కలిపే డబ్బా, కొని, రెండు సిస్టమ్‌లనీ దానికే కలిపాను. అప్పుడూ 11 దగ్గరే ఆగింది. ఈసారి దోషం పాత కేబుల్‌ది. 100 ఎంబీపీఎస్‌కి కేబుల్ లోపల నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ బాగుండాలి. కేబుల్ మార్చాక 110 వచ్చింది, 30 జీబీ ఐదు నిమిషాల్లోపే అయిపోయింది. ఫోన్ ఫొటోల్లాంటి చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇప్పటికీ నెమ్మదే. వాటిని ఒకే ఫైల్‌గా జిప్ చేసి పంపుతున్నాను.

నెట్ వరకే అయితే కొనుక్కోవచ్చు. ఇంట్లో ఫైళ్లు పంపుకునేవాళ్లు పోర్టుల దగ్గర 1000 అని ఉందో లేదో చూసుకుని డబ్బు కట్టండి. ఐదుకి మూడు ఇస్తాను.